మూత మీద పేరు

ఆ లాబులో ఆమెకో అసలు పేరుందని జీతాల కాగితం రాసేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె ఫారమ్మ. ఫారాలు నింపే అమ్మ కాబట్టి ఫారమ్మ. పెట్టినప్పుడు వెటకారానికే పెట్టారు. పదిహేడేళ్ళు గడిచేసరికి వెటకారం అరిగిపోయి భయం ఒక్కటే మిగిలింది.

ఎందుకు భయమంటే, చట్టమొకటుంది. కొన్ని రోగాలు లాబులో బయటపడితే, పడిన రోజే ఆరోగ్య శాఖ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాలి. ఎవరి శాంపిల్లో కనపడింది, వాళ్ళ ఇల్లెక్కడ, ఏం పని చేస్తారు, అన్నీ ఫారం మీద రాసి పంపాలి. రోగి కాళ్ళావేళ్ళా పడినా సరే, డాక్టరు మొహమాటపడినా సరే. చాలా లాబుల్లో ఈ చట్టాన్ని గోడకి అంటించి దాని మీద క్యాలెండరు తగిలిస్తారు. ఫారమ్మ మాత్రం పదింటికి క్రిములు పెంచే ప్లేటు చూస్తే పదింపావుకల్లా ఫోన్ దగ్గరుండేది. ఒకసారి లాబు యజమాని, పెద్ద డాక్టరు గారే, తన స్నేహితుడి హోటల్ వంటవాడి విషయంలో "రేపు చూద్దాంలేమ్మా" అని నసిగాడు. ఫారమ్మ ఒంటికాలి మీద లేచింది. "ఈ రాత్రికి అక్కడ తినేవాళ్ళ ఇళ్ళకి రేపు మీరెళ్ళి చెప్తారా సార్?" అంది. ఆయన నోరు మూసుకుని సంతకం పెట్టాడు. అప్పటినుంచీ ఆమె ఏ కాగితం ముందు పెడితే ఆ కాగితం మీద చదవకుండా సంతకం పెట్టడం అలవాటు చేసుకున్నాడు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

పోయినేడు ఆమె ఫారానికి చిక్కింది బన్నులావిడ. బడి గేటు ఎదురుగా తోపుడుబండి మీద టీ, బన్నులు అమ్ముకునే ముసలామె. కూతురు చచ్చిపోయింది, అల్లుడు అయిపు లేకుండా పోయాడు, మిగిలిందల్లా అదే బడిలో చదివే ఆరేళ్ళ మనవరాలు. ముసలామెకి జ్వరం లేదు, నీరసం లేదు, మనిషి గుండ్రాయిలా ఉండేది. పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్‌కి వెళ్తే, ముందు చేసిన పరీక్షల్లో టైఫాయిడ్ క్రిమి బయటపడింది. కొందరి ఒంట్లో అది ఏళ్ళ తరబడి చల్లగా కాపురం చేస్తుంది. వాళ్ళని ఏమీ అనదు. వాళ్ళ చేతి వంట తిన్నవాళ్ళ పని పడుతుంది. ఫారమ్మ ఫోన్ చేసింది, బండి మూయించారు. ఆపరేషన్ అయింది, మందులు అయ్యాయి, నెలకోసారి చొప్పున మూడు పరీక్షలు శుభ్రంగా వచ్చాయి. ఆ మూడూ చూసింది ఫారమ్మే. పది నెలల తర్వాత బండి మళ్ళీ గేటు దగ్గరికి వచ్చింది.

తిట్టిపోస్తుందనుకుంటే ముసలామె లాబుకొచ్చి దణ్ణం పెట్టింది. "మీరు చెప్పబట్టి సరిపోయింది తల్లీ. లేకపోతే నా చేత్తో నా పిల్లకే అంటించి ఉండేదాన్ని" అంది. అప్పటినుంచీ బండికి తాడు కట్టి సబ్బు వేలాడదీసుకుంది. కప్పు కడిగితే చెయ్యి కడిగేది, చిల్లర ముట్టుకుంటే చెయ్యి కడిగేది. వేళ్ళు నాని నాని తెల్లగా పాలిపోయాయి. పిల్లలు సబ్బవ్వ అని ఏడిపించేవాళ్ళు. ఫారమ్మకి ఆ సబ్బు చూస్తే గర్వంగా ఉండేది. బడి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆగి ఒకసారి చూసుకుని మరీ వెళ్ళేది.

ఆ లాబులో ఇంకో అలవాటుంది. ఇది ఏ చట్టంలోనూ లేదు. పనిచేసేవాళ్ళ ఇంట్లోవాళ్ళ శాంపిల్ వస్తే దాన్ని వెంటనే రిజిస్టర్లోకి ఎక్కించరు. డబ్బా మీద నీలం పెన్నుతో గీత గీసి పక్కన పెడతారు. దాన్ని 'మన డబ్బా' అంటారు. బయటివాళ్ళకైతే ముందు రాసుకుని తర్వాత చూస్తారు. మన డబ్బాకైతే ముందు చూసుకుని తర్వాత రాసుకుంటారు. ఆ మాత్రం తేడాని ఎవరూ తప్పనుకోలేదు. అందరి తప్పులూ ఏరే ఫారమ్మకి కూడా అది తప్పులా కనపడలేదు.

ఈ ఏడు మొదట్లో చెల్లెలి డబ్బా వచ్చినప్పుడు నీలం గీత ఫారమ్మే గీసింది.

చెల్లెలు పన్నెండేళ్ళు చిన్నది. చిన్నప్పటినుంచీ చంకనేసుకుని తిప్పింది, జడలేసింది, పెళ్ళి చేసింది. మొగుడు వదిలేసి పోతే ఇద్దరాడపిల్లలతో మళ్ళీ అక్క ఇంటికే వచ్చిపడింది. ఫారమ్మ తనకంటూ పెళ్ళీ పెటాకులూ పెట్టుకోలేదు గనక ఇల్లు సరిపోయింది. రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగాక చెల్లెలికి బడి వంటగదిలో పని దొరికింది. ఆరు నెలలు తాత్కాలికం. ఒక్కరోజు మానకుండా, ఒక్క మాట పడకుండా నెట్టుకొస్తే పర్మనెంట్. చేరేముందు ఒంట్లో ఏ రోగమూ లేదని లాబు పత్రం ఇవ్వాలి. అంతే కదా అని అక్కకి డబ్బా ఇచ్చింది.

మూడోరోజు ఉదయం ప్లేటు తీస్తే నల్లటి చుక్కలు.

ఫారమ్మ ఒక చుక్కని గాజు పలక మీద తీసి, టైఫాయిడ్ క్రిమి తగిలితే విరిగే సీరం కలిపింది. పాలు విరిగినట్టు విరిగింది. మళ్ళీ చేసింది. విరిగింది. కొత్త సీరం సీసా విప్పి మూడోసారి చేసింది. దానికి మాత్రం జాలేముంటుంది, అలాగే విరిగింది. గోడ గడియారంలో పదీ పది. ఫారం తీసి ముందు పెట్టుకుంది. రోగి వృత్తి అన్నచోట 'వంట, బడి' అని రాసింది. పేరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఫారం వెళ్తే వెనకాల ఏమొస్తుందో ఆమెకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? పది నెలలు బండి మూసుకుని ఇంటి గడపలో కూర్చున్న ముసలామెని రోజూ చూసింది. చుట్టుపక్కలవాళ్ళు ఆ గడప ముందు నుంచి ముక్కు మూసుకుని నడవడం చూసింది. ముసలామెకి బండి తనది, మళ్ళీ తోసుకుంది. చెల్లెలికి ఆ వంటగది తలుపు ఒకసారి మూస్తే మళ్ళీ తెరవరు.

పదింపావు దాటింది. పదిన్నరా దాటింది. ఫారమ్మ ఆ ఫారాన్ని నాలుగు ముక్కలు చేసి, రిజిస్టర్లో చెల్లెలి పేరు ఎక్కించి, ఎదురుగా 'క్రిమి ఏదీ పెరగలేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. పెద్ద డాక్టరు చదవకుండా సంతకం పెట్టాడు. నెలరోజులు మాత్రలు మింగిస్తే క్రిమి ఎలాగూ పోతుంది, కాబట్టి ఇది అబద్ధం కాదు, నెల ముందు రాసిన నిజం అని తనకి తాను సర్దిచెప్పుకుంది. చదువుకున్నవాళ్ళ అబద్ధాలకి ఇలాంటి ఇస్త్రీ బట్టలే ఉంటాయి.

ఆ సాయంత్రం చెల్లెలికి మాత్రల పొట్లం ఇచ్చింది. "కడుపులో ఏదో చిన్న పురుగుందే. నెలరోజులు తప్పకుండా వేసుకో" అంది. టైఫాయిడ్ అన్న మాట నోటివెంట రానివ్వలేదు. చెల్లెలి నోట్లో నువ్వుగింజ నానదు, తెల్లారేసరికి వంటగది మొత్తానికి చెప్పేస్తుంది. మర్నాడు మాత్రం సెలవు పెట్టి, చెల్లెలి పిల్లలిద్దరినీ తీసుకెళ్ళి టైఫాయిడ్ టీకా వేయించుకొచ్చింది. తనకి లాబులో చేరినప్పుడే వేశారు. బడిలో ఇంకో రెండు వందలమంది పిల్లలున్నారు. వాళ్ళెవరికీ ఫారమ్మ పెద్దమ్మ కాదు.

మాత్రలకి చెల్లెలికి వికారం పుట్టేది. గిన్నెల ముందు నిలబడి ఓకరిస్తే వంటగది పెద్ద ఊరుకుంటుందా? ఐదోరోజున మిగతా పొట్లం చెత్తబుట్టలో పడేసి, అక్క అడిగినప్పుడల్లా "వేసుకుంటున్నాలే" అంది. నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేద్దామనుకున్న ఫారమ్మ చేయలేదు. చూస్తే తెలుస్తుంది, తెలిస్తే రాయాలి. ఈ వారం కాదు వచ్చే వారం అనుకుంటూ వారాలు దొర్లించింది.

ఆరో నెలలో బడి పిల్లలకి జ్వరాలు మొదలయ్యాయి.

మొదటి రక్తం సీసాతో వచ్చిన చీటీ మీద బడి పేరుని ఫారమ్మ రెండుసార్లు చదివింది. అయినా ఫోన్ చేసింది. పది రోజుల్లో ఎనిమిది సీసాలు, ఎనిమిది ఫోన్లు, ఎనిమిది ఫారాలు, ఒక్కటీ పదింపావు దాటలేదు. రోగం ఎక్కడినుంచి సోకి ఉండవచ్చు అన్న గడిలో ఎనిమిదిసార్లూ 'తెలియదు' అని రాసింది. ఇంట్లో చెల్లెల్ని పక్కకి పిలిచి "ఆ మాత్రలన్నీ మింగావు కదే?" అని అడిగింది. "ఎప్పుడో అయిపోయాయక్కా. పాపం బడిలో పిల్లలకి ఒకటే జ్వరాలు, చూస్తే కడుపు తరుక్కుపోతోంది" అంది చెల్లెలు, పిల్లలకి పళ్ళముక్కలు కోసి పెడుతూ.

ఎనిమిదో సీసా బన్నులావిడ మనవరాలిది. ముసలామె పది రోజులు మందుల షాపు మాత్రలతో నెట్టుకొచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి పిల్ల పేగుకి చిల్లు పడింది.

ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు తొమ్మిదింటికే లాబుకొచ్చాడు. మంచివాడు, నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి. ట్రేలో ఏడు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"రెండే దారులు కనపడుతున్నాయి మేడమ్. అయితే బడి వంటగది, కాకపోతే గేటు ముందు బండి. వంటగదిలో ఆరుగురికీ మీ లాబు పత్రాలే ఉన్నాయి, శుభ్రంగా ఉన్నాయి. అయినా పద్ధతి ప్రకారం అందరివీ తెచ్చాను. ఏడోది ముసలామెది. నాకైతే సగం అనుమానం దానిమీదే ఉంది. పాత కేసు కదా, పోయినేడు మీరే రాశారు."

పిత్తాశయం తీసేశారు, మూడు పరీక్షలు నేనే చూశాను, ఆమె దగ్గర ఇక ఏమీ లేదు అని చెప్పడానికి ఫారమ్మ నోరు తెరిచింది. అతను జేబులోంచి పెన్ను తీసి రాసుకోవడానికి సిద్ధమయ్యాడు. "చూద్దాం, మూడోరోజుకి తేలిపోతుంది" అని మాత్రం అంది.

"మీరు చూస్తే ఇంక రెండోమాట అక్కర్లేదు" అన్నాడతను.

శాంపిళ్ళని ప్లేట్ల మీద పూసే పని మూతలాయనది. ఇంకో ఏడాదిలో రిటైరవబోయే పెద్దమనిషి. ఆయనకా పేరు ఫారమ్మే పెట్టింది. ప్లేటు నంబరు ఎప్పుడూ అడుగున రాయాలి, మూత మీద రాయకూడదు. మూతలు తీసి పెడుతుంటారు, అటూఇటూ అవుతాయి, అడుగు మాత్రం క్రిమిని అంటిపెట్టుకునే ఉంటుంది. లాబులో అడుగుపెట్టినవాళ్ళకి మొదటిరోజే చెప్పే పాఠం ఇది. మూతలాయన ముప్పయ్యేళ్ళుగా మూత మీదే రాస్తున్నాడు. "పైన రాస్తే కళ్ళకి ఆనుతుంది మేడమ్ గారూ, అడుగున రాస్తే బోర్లించి వెతుక్కోవాలి" అంటాడు. ఆమె పోరు పెడుతూనే ఉంటుంది, ఆయన నవ్వుతూనే ఉంటాడు. ఆరోజూ ఏడు మూతల మీద ఒకటి నుంచి ఏడు దాకా రాశాడు. ఐదు చెల్లెలు. ఏడు ముసలామె.

మూడోరోజు ఫారమ్మ వచ్చేసరికి మూతలాయన ప్లేట్లు తీసి బల్ల మీద పేర్చి ఉంచాడు. "పైపైన చూశా మేడమ్ గారూ. ఐదోదాంట్లో ఏదో నల్లగా ఉన్నట్టుంది" అని టీ తాగడానికి వెళ్ళాడు.

ఐదోదాంట్లో నల్లగా ఉన్నట్టుండటం కాదు, ప్లేటంతా నలుపే. ఏడోది కడిగిన పళ్ళెంలా ఉంది. బండికి సబ్బు కట్టుకున్న మనిషి ప్లేటు అలాగే ఉంటుంది. ఫారమ్మ ఆ రెండింటినీ దగ్గరికి లాక్కుంది. వరండాలో మూతలాయన చెంచాతో చక్కెర కలుపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. చెల్లెలి పర్మనెంట్ కాగితం ఒకటో తారీఖున వస్తుంది, ఇంకా ఎనిమిది రోజులుంది. చెల్లెలి పేరు బయటపడితే పాత పత్రం బయటపడుతుంది, పత్రంతోపాటు రిజిస్టరు, రిజిస్టరుతోపాటు ఆ గుండ్రటి అక్షరాలు. ఎనిమిదిమంది పిల్లల తల్లిదండ్రులు ఆ అక్షరాలు చదువుతారు. ముసలామెది ఎలాగూ ఒకసారి పోయిన పరువే అనిపించింది ఫారమ్మకి. అలవాటున్న మనిషి, ఓర్చుకుంటుంది అనిపించింది. ఆ మాట తన మనసులోనే పుట్టిందని గుర్తుపట్టింది కూడా, అయినా దాన్ని తరిమెయ్యలేదు.

ఐదో మూత తీసి ఏడో ప్లేటు మీద పెట్టింది. ఏడో మూత తీసి ఐదో ప్లేటు మీద పెట్టింది. తర్వాత పెన్ను తీసి, ఏడు ప్లేట్లకీ అడుగున పద్ధతి ప్రకారం నంబర్లు వేసింది.

మూతలాయన గ్లాసుతో లోపలికొచ్చాడు.

"ఏడులో వచ్చింది. ఐదులో ఏమీ లేదు" అంది ఫారమ్మ తలెత్తకుండా.

"ఐదనుకున్నానే."

"అనుకుంటారు. కళ్ళద్దాలు మార్చుకోమని ఎన్నాళ్ళనుంచి చెప్తున్నాను? మూతల మీద రాయొద్దని ఎన్నేళ్ళనుంచి చెప్తున్నాను? ఇవాళ నేను చూడబట్టి సరిపోయింది, ఇంకొకరైతే ఎవరి గొంతు కోసేవాళ్ళమో." అక్కడితో ఆగిందా? కాగితం తీసుకుని, ఆయన అజాగ్రత్త మీద పెద్ద డాక్టరుకి ఫిర్యాదు రాసింది. మూత మీద నంబరు వేయడం వల్ల జరగగల ప్రమాదాలన్నీ వరసగా రాసింది. ఆ విషయంలో ఆమెకంటే బాగా రాయగలవాళ్ళు ఆ పూట ఎవరూ లేరు. పెద్ద డాక్టరు చదవకుండా సంతకం పెట్టాడు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో మొదటి మెమో అందుకుని మూతలాయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. నా కళ్ళే మోసం చేశాయి కాబోలు అనుకున్నాడు, ఎందుకంటే ఫారమ్మ చెయ్యదు కదా.

పదింపావుకి ఫోన్ చేసింది. క్రిమిని గొట్టంలో పెట్టి, ముసలామె పేరు రాసి ప్రభుత్వ పెద్ద లాబుకి పంపింది. వారంలో జవాబొచ్చింది. పిల్లల రక్తంలో దొరికిందీ, ఈ గొట్టంలో ఉన్నదీ అచ్చంగా ఒకటే అని తేల్చారు. తేలదా మరి, అది నిజమే కదా. అందులో అబద్ధమల్లా గొట్టం మీద ఉన్న పేరొక్కటే. ఇన్‌స్పెక్టరు ఆ కాగితం పట్టుకొచ్చి ఫారమ్మకి చెయ్యి కలిపాడు. "మీలాంటివాళ్ళు ఊరికొకరుంటే చాలు మేడమ్" అన్నాడు.

బండిని తిరగేసి చక్రాలు విరగ్గొట్టారు. ఆ పని చేసింది ఆఫీసువాళ్ళు కాదు, పిల్లల తండ్రులు. సబ్బు తాడుతో సహా గేటు ముందు మురుగుకాలవలో పడింది. అదే వారం మనవరాలు పోయింది.

పిల్ల పోయిన ఐదోరోజున ముసలామె లాబుకొచ్చింది. చెప్పుల్లేవు. జనం ఆమెని చూసి బెంచీ మీంచి లేచి దూరం జరిగారు. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో పాత ఫైలు. కిటికీ దగ్గర నిలబడి "ఫారాల అమ్మగారిని ఒకసారి పిలవండి బాబూ" అంది. ఫారమ్మ ముఖం చాటేద్దామనుకుంది గానీ మూతలాయన అప్పటికే "ఇక్కడే ఉన్నారు" అనేశాడు.

"తల్లీ, మీరే చూశారా?" అంది ముసలామె. "ఇంకెవరైనా చూసి మీకు చెప్పారా? ఎందుకడుగుతున్నానంటే, ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక రాదన్నాడు. మీరూ మూడుసార్లు లేదన్నారు. నేను చేతులు కడుక్కోకుండా ఏదీ ముట్టుకోలేదు తల్లీ. ఒట్టు. అందుకని అడుగుతున్నాను. మీరు చూశారంటే మాత్రం ఇంక అడగను."

ఫైలు తెరిచి కిటికీ కన్నంలోంచి లోపలికి తోసింది. మూడు పత్రాలు, మూడింటి మీదా ఫారమ్మ గుండ్రటి అక్షరాలు. ఇప్పుడైనా ఒక్క మాట చాలు. మూతలాయన తల వంచుకుని వింటున్నాడు. ఫారమ్మ ఆ పత్రాల్ని ఒకదానిమీద ఒకటి సర్దింది. కానీ ఒకటో తారీఖు నిన్ననే వచ్చింది, చెల్లెలు కాగితం తెచ్చుకుని పిల్లల్ని ఎత్తుకుని ఇల్లంతా తిరిగింది.

"నేనే చూశాను పెద్దమ్మా" అంది.

ముసలామె తలూపింది. ఏడవలేదు. రెండు చేతులూ ముందుకి చాచి, నాని పాలిపోయిన వేళ్ళని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "రోజూ పొద్దున్నే మొదటి బన్ను దానికే పెట్టేదాన్ని. చిన్నచిన్న ముక్కలు తుంచి నోట్లో పెట్టేదాన్ని. తనే తింటానంటే వినేదాన్ని కాదు" అంది. తర్వాత "మంచిపని చేశారు తల్లీ. చెప్పకపోతే ఇంకా ఎంతమందిని చంపేదాన్నో" అంది. దణ్ణం పెట్టబోయి, ఆ చేతులు ఎవరికీ ఆనకూడదన్నట్టు వెనక్కి లాక్కుని, ఫైలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. తర్వాత ఆమెని ఆ వీధుల్లో ఎవరూ చూడలేదు.

ఆరోజు ఫారమ్మ పనిమధ్యలోనే ఇంటికెళ్ళింది. చెల్లెలు అప్పుడే బడినుంచి వచ్చి పిల్లల జుట్టు దువ్వుతోంది. ఫారమ్మ పిల్లల్ని బయటికి పంపి, తలుపు వేసి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. నీలం గీత దగ్గరనుంచి మూతల దాకా అంతా చెప్పింది. రేపటినుంచి పనికెళ్ళొద్దని చెప్పింది.

"అంటే ఆ పిల్ల నా వల్ల చచ్చిపోయిందంటావా?"

"మాత్రలు వేసుకోలేదు కదూ నువ్వు?"

"వాంతులొచ్చి పడేశా. పురుగన్నావు. పురుక్కి ఎవరైనా చస్తారా?" చెల్లెలి గొంతు పెరిగింది. "అయినా నాకేం లేదని రెండుసార్లు రాసిచ్చారుగా. మీ లాబే రాసిచ్చింది. పెద్ద డాక్టరు సంతకం ఉంది, నువ్వు రాసిన అక్షరాలే ఉన్నాయి. ఆ ముసలిదానిదేనని పెద్ద లాబు వాళ్ళు కూడా తేల్చారట, బడిలో అందరికీ తెలుసు. ఇప్పుడొచ్చి నన్ను మానెయ్యమంటావేంటి?"

"ఆ కాగితం అబద్ధమే. నేనే మార్చానని చెప్తున్నాను కదే."

చెల్లెలు చేతిలో దువ్వెన కింద పెట్టింది. "నువ్వు అబద్ధం రాస్తావా? నువ్వా? ఊరంతా నమ్మేది నిన్నేనక్కా" అంది మెల్లగా. "కడుపుమంట. నేను నీ చేతి కింద ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది. ఇప్పుడు నాకంటూ ఒక పని దొరికేసరికి ఓర్చుకోలేకపోతున్నావు. ఆ ముసలిదాని ఏడుపు చూసి నీకు మతి చలించింది. పడుకో." పర్మనెంట్ కాగితం, లాబు పత్రం రెండూ బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. మర్నాడు ఏడింటికల్లా పనికి వెళ్ళిపోయింది.

ఫారమ్మ ఆరోగ్య శాఖకి ఫోన్ చేద్దామని ఆ వారంలో నాలుగుసార్లు రిసీవరు పైకెత్తింది. నాలుగుసార్లూ మళ్ళీ పెట్టేసింది. చెప్తే ఎవరి పేరు చెప్పాలి, చెల్లెలిదా, తనదా?

మూడువారాలకి తొమ్మిదో సీసా వచ్చింది. అదే బడి, రెండో తరగతి పిల్లాడు. వెంటనే పదోది. ఇన్‌స్పెక్టరు మళ్ళీ తొమ్మిదింటికే వచ్చాడు. ఈసారి ముఖంలో అయోమయం ఉంది.

"ముసలామె లేదు, బండి లేదు. మరి ఇదెక్కడినుంచి వస్తోంది మేడమ్? పోయినసారి మనం ఏమైనా పొరబడ్డామా?" అన్నాడు. ఆమె జవాబు కోసం ఆగలేదు. "సరే, వంటగది ఆరుగురివీ మళ్ళీ తెచ్చాను. మీరొక్కసారి చూసిపెట్టండి" అని ట్రే అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు.

ఆరు డబ్బాలు. ఐదోదాని మీద చెల్లెలి పేరు. ఫారమ్మ ప్లేట్లున్న అర వైపు నడిచింది. ఈసారికి తనే పూస్తుంది, తనే రాస్తుంది, తనే చూస్తుంది. చెయ్యి చాచేసరికి అర ఖాళీగా ఉంది.

"మీకెందుకు శ్రమ మేడమ్ గారూ" అన్నాడు మూతలాయన తన బల్ల దగ్గరినుంచి. ట్రే లోపలికొస్తుండగానే ప్లేట్లు తీసుకున్నాడు. అక్షరాల్ని పెద్దవి చేసి చూపే కొత్త కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆరు ప్లేట్లూ బోర్లించి, ఒక్కొక్కదాన్నీ వెలుగుకి పట్టుకుని, నంబరు మాత్రమే కాదు, మనిషి పేరు కూడా పూర్తిగా, చెరగని సిరాతో రాస్తున్నాడు. పక్కనే తెల్లకాగితం మీద ఆ పేర్లన్నీ మళ్ళీ విడిగా ఎక్కించుకుంటున్నాడు, ఇన్‌స్పెక్టరుకి ఒక నకలు పంపడానికట. మెమో వచ్చినప్పటినుంచీ ఆయన పద్ధతి ఇదే.

ఐదో ప్లేటు రాయడం అయిపోయాక ఆయన దాన్ని ఆమెవైపు తిప్పి పట్టుకున్నాడు. ఆయన ముఖంలో వెటకారం లేదు, తప్పు దిద్దుకున్న మనిషి సంతోషం ఉంది.

"చూడండి మేడమ్ గారూ. మీరు చెప్పినట్టే, అడుగున రాశాను."